తీరప్రాంత గృహాలకు బీమా : అవసరమెంత? ప్రయోజనమెంత?

(ప్రత్యేక వ్యాసం)

నెల్లూరు : జీవితకాలపు కష్టార్జితంతో నిర్మించుకున్న ఇంటికి ఏటా కొంత సొమ్ము బీమా రూపంలో చెల్లించడం అవసరమా, అనవసరమా అన్న ప్రశ్న తీరప్రాంత కుటుంబాలలో తరచు వినవచ్చేదే. కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల ప్రజలకు ఈశాన్య రుతుపవనాల కాలం ఒకవైపు పంటలకు ప్రాణాధారం, మరోవైపు గృహాలకు పరీక్షాకాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో ఏర్పడే ప్రతి అల్పపీడనమూ ఈ ప్రాంత వాసులను అప్రమత్తం చేస్తుంది.

అయినప్పటికీ ద్విచక్రవాహనానికి బీమా చేయించే గృహస్థుడు అంతకు ఎన్నో రెట్లు విలువైన ఇంటికి బీమా చేయించే విషయంలో తటపటాయిస్తున్నాడు. వాహనానికి చట్టం నిర్బంధం చేసింది. ఇంటికి ఆ నిర్బంధం లేదు. కనుక నిర్ణయం పూర్తిగా కుటుంబ యజమానిదే. ఆ నిర్ణయాన్ని ఏజెంటు మాటపైనో, ఇరుగుపొరుగు అనుభవంపైనో కాక లెక్కపై ఆధారపడి తీసుకునేందుకు అవసరమైన వివరాలను పొందుపరచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తీరం చెప్పే చరిత్ర

నెల్లూరు తీరానికి తుపానులు కొత్త కాదు. 1927 నవంబరు నాటి తుపాను నెల్లూరు పేరుతోనే వాతావరణ చరిత్రలో నమోదైంది. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపంలోను, 1989 నవంబరులో కావలి సమీపంలోను తీవ్ర తుపానులు తీరం దాటాయి. 2004 డిసెంబరు 26న సునామీ అలలు ఈ తీరంలోని మత్స్యకార గ్రామాలను తాకాయి. 2015 నవంబరులో కురిసిన కుంభవృష్టి జిల్లాలో జనజీవనాన్ని స్తంభింపజేసింది.

2021 నవంబరు అనుభవం ఇంకా స్మృతిపథంలోనే ఉంది. సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరదనీరు పెన్నా నదిలోకి విడుదల కావడంతో కోవూరు పరిసర గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. పడుగుపాడు వద్ద రైలుమార్గం కొట్టుకుపోయింది. జాతీయ రహదారి తెగి రాకపోకలు నిలిచిపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పటికీ, అంతకు ముందు నెల్లూరు జిల్లాను భారీ వర్షాలతో ముంచెత్తింది.

ఈ చరిత్రనుబట్టి గ్రహించవలసిన విషయం ఒకటుంది. తీరప్రాంతంలో ఇంటికి ప్రమాదం రెండు దిక్కుల నుంచి వస్తుంది. ఒకటి సముద్రం నుంచి వచ్చే గాలి, అలలు. రెండవది ఎగువ నుంచి వచ్చే నదీ ప్రవాహం. సముద్రానికి దూరంగా ఉన్నామన్న భరోసా 2021లో పెన్నా తీరవాసులను కాపాడలేదు. కనుక బీమా ఆలోచన సాగరతీర గ్రామాలకు మాత్రమే పరిమితం కారాదు.

ప్రభుత్వ సహాయం వేరు, బీమా వేరు

ప్రకృతి వైపరీత్యం సంభవించినప్పుడు ప్రభుత్వం ఎలాగూ ఆదుకుంటుంది గదా, ఇక బీమా ఎందుకు అన్నది సర్వసాధారణమైన ప్రశ్న. ప్రభుత్వం అందించేది తక్షణ సహాయమే తప్ప నష్టానికి పూర్తి పరిహారం కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

రాష్ట్ర విపత్తు స్పందన నిధికి సంబంధించి 2022-23 నుంచి 2025-26 వరకు నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాలలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు సహాయంగా నిర్ణయించారు. కనీసం 15 శాతం మేర పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు, దెబ్బతిన్న గుడిసెకు 8,000 రూపాయలు నిర్దేశించారు. ఇల్లు కొట్టుకుపోయిన, లేదా తీవ్రంగా ముంపునకు గురైన కుటుంబానికి దుస్తుల నిమిత్తం 2,500 రూపాయలు, వంటపాత్రలు, ఇంటి సామాగ్రి నిమిత్తం మరో 2,500 రూపాయలు చెల్లించే వీలు కల్పించారు. ఆయా సందర్భాలలో రాష్ట్ర ప్రభుత్వాలు సొంత నిధుల నుంచి అదనపు సహాయం ప్రకటించడం కద్దు.

ఈ అంకెలను ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. ఒక మిద్దె ఇంటిలోకి రెండడుగుల మేర వరదనీరు చేరి రెండు రోజులు నిలిచిందనుకుందాం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పరుపులు, బీరువాలోని బట్టలు, తలుపులు, విద్యుత్ వైరింగ్, గోడల పూత అన్నీ కలిపి నష్టం 1,40,000 రూపాయలని భావిద్దాం. ఇంటి కట్టడానికి జరిగిన నష్టం 15 శాతానికి చేరకపోతే పాక్షిక నష్టం కింద సహాయం వర్తించదు. కుటుంబానికి దక్కేది దుస్తులు, సామాగ్రి పద్దు కింద 5,000 రూపాయలే. మిగిలిన 1,35,000 రూపాయలు ఎక్కడి నుంచి తేవాలి? బీమా అవసరమా అన్న ప్రశ్నకు అసలు ఆధారం ఇదే. పొదుపు ఖాతాలో ఆ మొత్తం సిద్ధంగా ఉన్న కుటుంబం ఒక విధంగాను, వడ్డీకి తేవలసిన కుటుంబం మరో విధంగాను ఆలోచించవలసి ఉంటుంది.

భారత్ గృహ రక్ష : ఏమి వర్తిస్తుంది?

బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆదేశాల మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక గృహబీమా పాలసీ దేశవ్యాప్తంగా అమలులోకి వచ్చింది. పేరు, ప్రధాన నిబంధనలు అన్ని సంస్థలలోను ఒక్కటే. ప్రీమియం మాత్రం సంస్థను బట్టి మారుతుంది. కాబట్టి రెండు మూడు సంస్థల ధరలను పోల్చిచూడటం కొనుగోలుదారుకు సులభం.

అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగుపాటు, భూకంపం, తుపాను, పెనుగాలి, సునామీ, వరద, ముంపు, వాహనం లేదా చెట్టు వంటివి ఢీకొనడం, అల్లర్లు, ఉగ్రవాద చర్యలు, నీటి ట్యాంకులు, గొట్టాలు పగలడం లేదా పొంగిపొర్లడం వంటి కారణాల వల్ల కలిగే నష్టానికి ఈ పాలసీ వర్తిస్తుంది. ఇటువంటి ఘటన జరిగిన ఏడు రోజులలోగా ఆ కారణంగా సంభవించే దొంగతనం కూడా ఇందులో చేరుతుంది. తుపాను హెచ్చరికపై ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్లే కుటుంబాలకు ఇది గమనించదగిన అంశం.

కట్టడానికి బీమా చేయించినవారికి ఆ మొత్తంలో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, ఇంటిలోని సామాగ్రికి ప్రత్యేక జాబితా లేకుండానే రక్షణ లభిస్తుంది. అంతకు మించిన విలువ ఉంటే వివరాలు సమర్పించి పెంచుకోవచ్చు. అద్దె ఇంట్లో ఉంటున్నవారు సామాగ్రికి మాత్రమే బీమా చేయించుకునే వీలుంది. పాలసీని 10 సంవత్సరాల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. నిర్మాణ వ్యయం పెరుగుదలను దృష్టిలో ఉంచుకొని బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున అదనపు ప్రీమియం లేకుండానే పెరుగుతుంది. నివాసయోగ్యం కాని స్థితిలో ప్రత్యామ్నాయ వసతికి చెల్లించే అద్దెకు, శిథిలాల తొలగింపునకు కూడా నిర్ణీత పరిమితులలో అవకాశముంది.

పాత పాలసీలలో ఒక చిక్కు ఉండేది. 20 లక్షల రూపాయల విలువైన ఇంటికి 10 లక్షలకే బీమా చేయిస్తే, 2 లక్షల నష్టం జరిగినప్పుడు సంస్థ సగమే, అంటే లక్ష రూపాయలే చెల్లించేది. భారత్ గృహ రక్షలో ఈ తగ్గింపు నిబంధనను తొలగించారు. బీమా మొత్తానికి లోబడి వాస్తవ నష్టాన్ని చెల్లించవలసి ఉంటుంది.

ఏమి వర్తించదు?

పాలసీలో వర్తించేవాటికన్నా వర్తించనివాటిని ముందుగా చదవడం విజ్ఞత. తీరప్రాంతవాసులు ప్రత్యేకంగా మూడింటిని గమనించాలి.

మొదటిది, సముద్రపు కోత, నదీ కోత. కెరటాలు, ప్రవాహం నేలను కొద్దికొద్దిగా కోసివేయడం వల్ల ఇల్లు కుంగితే ఈ పాలసీ కింద పరిహారం రాదు. తుపాను, వరద వేరు, కోత వేరు. ఒడ్డుకు అతి సమీపంలో నివసించేవారికి ఈ తేడా కీలకమైనది.

రెండవది, కాలక్రమేణా కలిగే అరుగుదల. ఉప్పుగాలికి శ్లాబులోని ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడటం ఈ తీరంలో నిత్యం కనిపించే సమస్య. ఇది బీమా పరిధిలోకి రాదు. కొత్త కట్టడాలలో వచ్చే సాధారణ బీటలు, నాసిరకం నిర్మాణం వల్ల కలిగే నష్టం కూడా వర్తించవు. ఇంటిని సకాలంలో మరమ్మతు చేయించుకోవడం యజమాని బాధ్యతే.

మూడవది, స్థలం విలువ. బీమా ఇంటి పునర్నిర్మాణ వ్యయానికే తప్ప భూమి ధరకు కాదు. సెంటు ధర ఎంత పలికినా ఆ లెక్క ఇక్కడ ప్రస్తావనకు రాదు. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగుల ఇంటికి చదరపు అడుగు నిర్మాణ వ్యయం 1,800 రూపాయలుగా లెక్కిస్తే బీమా మొత్తం 18 లక్షల రూపాయలు అవుతుంది. సామాగ్రికి దానిలో 20 శాతం, అంటే 3,60,000 రూపాయలు, దానంతటదే చేరుతుంది.

నగదు, బంగారు కడ్డీలు వంటివి కూడా మినహాయింపులలో ఉన్నాయి. నగలు తదితర విలువైన వస్తువులకు ప్రత్యేక ఐచ్ఛిక రక్షణ తీసుకోవలసి ఉంటుంది. తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ వంటివాటితో నిర్మించిన గృహాలను కచ్చా నిర్మాణాలుగా పరిగణిస్తారు. ఇటువంటి ఇళ్లకు బీమా ఇస్తారా, ఏ షరతులపై ఇస్తారు అన్నది సొమ్ము చెల్లించేముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పడవలు, వలలు, పశువులు, చెరువులలోని రొయ్యలు గృహబీమా కిందకు రావు.

వంటగ్యాస్ : ప్రీమియం లేని బీమా

బ్రిటన్ వంటి చలిదేశాలలో ఇంటిని వెచ్చబరిచే బాయిలర్‌కు, అత్యవసర మరమ్మతులకు ప్రత్యేక బీమా తీసుకునే అలవాటు ఉంది. నడిచలికాలంలో బాయిలర్ ఆగిపోతే అక్కడ ఇల్లు గడవదు. మన ఇళ్లలో అటువంటి స్థానం వంటగ్యాస్ సిలిండరుది. అయితే సిలిండరు ప్రమాదాలకు వినియోగదారులు వేరుగా ప్రీమియం చెల్లించనవసరం లేదన్న విషయం చాలామందికి తెలియదు.

ప్రభుత్వరంగ చమురు సంస్థలు తమ వినియోగదారుల తరఫున ప్రజాబాధ్యత బీమా తీసుకుంటాయి. కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ వెల్లడించిన వివరాల ప్రకారం, వంటగ్యాస్ ప్రధాన కారణంగా జరిగిన ప్రమాదంలో మరణించిన ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు, వైద్యఖర్చులకు ఒక్కొక్కరికి గరిష్ఠంగా 2 లక్షల రూపాయల చొప్పున ఒక్కో ఘటనకు 30 లక్షల రూపాయల వరకు, నమోదైన చిరునామాలో జరిగిన ఆస్తినష్టానికి ఒక్కో ఘటనకు గరిష్ఠంగా 2 లక్షల రూపాయల వరకు పరిహారం లభిస్తుంది.

ప్రమాదం జరిగిన వెంటనే గ్యాస్ పంపిణీదారుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. పంపిణీదారు ఆ సమాచారాన్ని చమురు సంస్థకు, సంస్థ బీమా కంపెనీకి చేరవేస్తాయి. పోలీసు నివేదిక, వైద్య బిల్లులు, మరణం సంభవిస్తే శవపరీక్ష నివేదిక, మరణ ధ్రువీకరణ పత్రం భద్రపరచుకోవాలి. ఇల్లు మారినప్పుడు చిరునామా మార్పించుకోకపోతే ఆస్తినష్టం పరిహారానికి ఆటంకం కలుగుతుంది. ఐఎస్ఐ ముద్రగల రెగ్యులేటరు, సురక్ష గొట్టం మాత్రమే వాడాలి. గ్యాస్ లీకైనప్పుడు 1906 నంబరుకు ఫోను చేయవచ్చు.

వార్షిక నిర్వహణ ఒప్పందాలు లాభదాయకమా?

గీజరు, ఏసీ, నీటిశుద్ధి యంత్రం వంటివి మొరాయించినప్పుడు గృహబీమా ఆదుకోదు. వరదనీటిలో మునిగి చెడిపోతే వర్తిస్తుంది. వాడకం వల్ల చెడిపోతే వర్తించదు. ఈ లోటును భర్తీ చేసేందుకు వార్షిక నిర్వహణ ఒప్పందాలు అమ్ముతుంటారు. వీటి విషయంలో సాధారణ గణితం చాలు.

ఒక గీజరు నిర్వహణకు ఏటా 1,500 రూపాయలు చెల్లించవలసి ఉందనుకుందాం. నాలుగేళ్లలో 6,000 రూపాయలు అవుతుంది. ఆ నాలుగేళ్లలో ఒకసారి 2,000 రూపాయల మరమ్మతు వస్తే, ఒప్పందం లేకపోవడమే లాభం. తీరప్రాంత భూగర్భజలాలలో ఉప్పు, సున్నపు శాతం అధికంగా ఉన్నచోట గీజరు లోపలి కాయిల్‌పై పాచికట్టి త్వరగా పాడవుతుంది. ఈ కారణంగా చెడిపోయిన కాయిల్‌కు, ట్యాంకుకు ఒప్పందం వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి. అవే మినహాయింపులో ఉంటే ఆ ఒప్పందానికి చెల్లించిన సొమ్ము వృథా అయినట్లే.

ఇక్కడొక సూత్రం చెప్పుకోవచ్చు. తరచు వచ్చే చిన్న ఖర్చుకు పొదుపు, అరుదుగా వచ్చే పెద్ద నష్టానికి బీమా అనువైనవి. రెండు వేల రూపాయల మరమ్మతు ఏ కుటుంబాన్నీ అప్పులపాలు చేయదు. రెండు లక్షల వరదనష్టం చేయగలదు.

ఎవరికి అవసరం? ఎవరికి కాదు?

తీరానికి, నదికి, కాలువలకు సమీపంలో సొంత పక్కా ఇల్లు ఉండి, నష్టం జరిగితే సొంత సొమ్ముతో పునర్నిర్మించుకోలేని కుటుంబాలకు గృహబీమా తప్పక పరిశీలించదగినది. ఒకవేళ 18 లక్షల రూపాయల రక్షణకు ఏటా వెయ్యి రూపాయల ప్రీమియం అడిగారనుకుంటే, పాతికేళ్లకు చెల్లించేది పాతిక వేలు. ఆ పాతికేళ్లలో ఒక్కసారి ఇంట్లోకి వరద వచ్చినా ఆ సొమ్ము తిరిగివచ్చినట్లే. రాకపోతే నష్టపోయామనుకోవడం సరికాదు. ఏ ఆపదా రాకపోవడమే అదృష్టం. అడిగిన ప్రీమియంతో, 18 శాతం జీఎస్టీతో సహా, ఎవరి లెక్క వారు వేసుకోవాలి.

గృహరుణం తీసుకున్నవారు మరో జాగ్రత్త వహించాలి. రుణగ్రహీత మరణిస్తే బాకీ తీర్చే జీవితబీమా వేరు, ఇంటికి చేసే బీమా వేరు. బ్యాంకు పత్రాలలో 'బీమా' అన్న మాట కనిపించగానే ఇంటికి రక్షణ ఉందనుకోరాదు. ఉన్న పక్షంలో అది రుణం మొత్తానికేనా, ఇంటి పూర్తి నిర్మాణ విలువకా అని పరిశీలించాలి. రుణం తీరిన తరువాత ఆ పాలసీ కూడా ముగిసి, ఇల్లు రక్షణ లేకుండా మిగిలిపోయే అవకాశముంది.

పూరిళ్లలో నివసించేవారికి, కొద్దిపాటి సామాగ్రితో అద్దె ఇళ్లలో ఉండేవారికి ప్రాణరక్షణే ప్రథమ ప్రాధాన్యం. వీరికి ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు అందించే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉపయుక్తం. ఎత్తయిన ప్రదేశంలో కొత్త కట్టడం, కచ్చా స్థానంలో పక్కా ఇల్లు వీరికి దీర్ఘకాలిక రక్షణ.

బీమా చేయించదలచినవారు రుతుపవనాలకు ముందే చేయించడం మేలు. తుపాను హెచ్చరిక వెలువడిన తరువాత ఏజెంటు కోసం వెతకడం ఇల్లు కాలుతుండగా బావి తవ్వడం వంటిది.

పరిహారం కోరే విధానం

వర్షాకాలానికి ముందే ఇంటి లోపల, వెలుపల ఫొటోలు తీసి ఉంచుకోవాలి. వస్తువుల రసీదులు, పాలసీ ప్రతి, ఇంటి పన్ను రసీదు, విద్యుత్ బిల్లులను నీరు చొరబడని సంచిలో భద్రపరచాలి. వాటి ప్రతులను వేరే ఊరిలోని బంధువుల వద్ద గాని, మొబైల్ ఫోనులో గాని ఉంచడం ఇంకా మంచిది.

నష్టం జరిగిన వెంటనే బీమా సంస్థకు తెలియజేయాలి. నీటిమట్టం గోడపై వదిలిన గుర్తును ఫొటో తీయాలి. సర్వేయరు పరిశీలించే వరకు పాడైన వస్తువులను పారవేయరాదు. అత్యవసరంగా శుభ్రపరచవలసి వస్తే ఫొటోలు, వీడియో తీసిన తరువాతనే ఆ పని చేయాలి. రెవిన్యూ సిబ్బంది జరిపే నష్టగణనలో ఇంటి పేరు నమోదయిందో లేదో సరిచూసుకోవాలి. బీమా ఉన్నదన్న కారణంతో ఆ గణనను నిర్లక్ష్యం చేయరాదు.

సంస్థ పరిహారాన్ని తిరస్కరించినా, తగ్గించినా ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. నెలలోగా సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సంతృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోగా ఆశ్రయించవచ్చు. 50 లక్షల రూపాయల వరకు గల వివాదాలను అంబుడ్స్‌మన్ ఎటువంటి రుసుము లేకుండా విచారిస్తారు. బీమా నియంత్రణ సంస్థ 'బీమా భరోసా' పోర్టల్‌లోను, 155255 నంబరులోను ఫిర్యాదులు స్వీకరిస్తారు. వినియోగదారుల కమిషన్ మార్గం కూడా తెరిచే ఉంటుంది.

విలేకరులకు, అధికారులకు గమనిక

విపత్తుల సమయంలో వెలువడే వార్తలలో 'సహాయం', 'పరిహారం', 'బీమా' అన్న మాటలు తరచు ఒకదాని స్థానంలో మరొకటి వాడబడుతున్నాయి. సహాయం ప్రభుత్వం నిబంధనల మేరకు అందించేది. బీమా సొమ్ము ఒప్పందం మేరకు పాలసీదారు హక్కుగా పొందేది. ఈ తేడా వార్తలో స్పష్టం కాకపోతే, బీమా ఉన్న కుటుంబం గడువులోగా సంస్థకు తెలియజేయకుండా గ్రామ నష్టగణన జాబితాతోనే సరిపెట్టుకునే ప్రమాదముంది. వంటగ్యాస్ ప్రమాద వార్తలలో బాధితులకు ఉచిత బీమా వర్తించే అవకాశాన్ని ఒక్క వాక్యంలో పేర్కొన్నా ఒక కుటుంబానికి మేలు చేసినట్లవుతుంది.

గ్రామసభలలో, తుపాను సన్నద్ధత సమావేశాలలో ప్రాణరక్షణ సూచనలతోపాటు పత్రాల భద్రత, గృహబీమా, గ్యాస్ చిరునామా మార్పు వంటి అంశాలను కూడా అధికారులు ప్రస్తావించడం సముచితం. తుపానును ఆపడం ఎవరి తరమూ కాదు. తుపాను వెలిసిన మరునాడు ఆ కుటుంబం అప్పు కోసం ఎవరి గుమ్మమూ ఎక్కకుండా చూసుకోవడం మాత్రం ముందుచూపుతో సాధ్యమే.